ముందు పేరు, పిదప గాలము

ఆదిపురుషునకు సృష్టిలో మొట్టమొదట నొప్పగింపఁబడిన పనులలో ప్రాణులకుఁ బేరులు పెట్టుట యొకటి యని ఆదికాండమునఁ జదువుచున్నాము. పేరు పెట్టవలెనన్నచో ఒకదానికిని వేఱొకదానికిని గల భేదమును గన్నులారఁ జూడవలెను. చూచిన పిమ్మటనే యేలుబడి. ఈ క్రమము తలక్రిందైనచో నేమి వాటిల్లునో కడచిన వానకాలమున మా పాఠశాల ప్రక్కనున్న కాలువగట్టున జరిగిన రెండు చిన్న సంగతులు మాకుఁ దెలియఁజేసినవి.

మా బోర్డింగునందలి బాలుఁ డొకఁడు సాయంకాలమున గాలము వేసి, మూరెఁడు పొడవుగల నల్లని మీసముల చేపను బట్టెను. దాని పొట్ట యుబ్బియుండెను. అది గ్రుడ్లతో నున్న మార్పు చేప యని తలంచి, ఆదివారపు పాఠమున విన్న దయాధర్మము జ్ఞప్తికి రాఁగా, వాఁడు దానిని మెల్లగా మా చెఱువులో విడిచిపెట్టెను. ఆ వారమే మఱి యిద్దఱు బాలురు వరిమడిలో నీరు పాఱుచోట గోధుమవన్నె చేప నొకదానిని జూచిరి. మీసముల చేపలను బెంచుట నిషిద్ధమని పెద్దలు చెప్పికొనఁగా వారు వినియుండిరి. తామొక మంచిపని చేయుచున్నా మనుకొని, దానిని కఱ్ఱతోఁ గొట్టి చంపి గట్టుపైఁ బాఱవైచిరి. చేపలుపట్టు వృత్తిగల యొక విద్యార్థి తండ్రి మఱునాఁడు వచ్చి, మొదటి చేప యానవాళ్లు విని, చచ్చిన చేపను ద్రిప్పి చూచి, “అయ్యా, బాబుగారు విడిచినది పరదేశపు చేప. వీరు చంపినది మన మార్పు, గ్రుడ్లతో నున్నది” అనెను.

ఆ బాలురలో నెవ్వరియందును దుర్బుద్ధి లేదు. ఒకనికి దయ గలదు, తక్కిన యిద్దఱికి నీతి గలదు. కొఱవడినది తెలివిడి యొక్కటే. కాఁబట్టి మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. పేరు తెలియని చేపను జంపనురాదు, విడువనురాదు. గాలము కొనుటకు ముందు చేపలను గుఱుతించుట నేర్చుకొనవలెను. ఈ విద్యను మన పాఠశాలలు నేర్పవలెను.

ఇంగ్లీషువారు మీసములుగల చేపలనన్నిటిని పిల్లితోఁ బోల్చి యొక్కపేరఁ బిలుతురు. మన పల్లెలవా రట్లు చేయలేదు. వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి యని వేర్వేఱు పేరులు పెట్టిరి. ఈ కుటుంబమునకు సామాన్యలక్షణములు రెండు. మేనిపైఁ బొలుసులు లేకుండుట యొకటి, నోటిచుట్టును మీసములుండుట రెండవది. ఈ మీసములు అలంకారములు గావు. బుఱదనీటిలోఁ గన్ను పనిచేయనిచోట స్పర్శచేతను రుచిచేతను ఆహారమును వెదకు సాధనములు. బొమ్మిడాయియు జాఱుడుమేనిదే గదా యని కొంద ఱడుగుదురు. దాని కిట్టి మీసములు లేవు, ముట్టె కొనదేఱి యుండును, మేను పామువలె సాఁగియుండును. అది వేఱు కుటుంబము.

మన చేపలను గుఱుతించుటకు మొదట వీపును, తరువాత మీసములను జూడుఁడు.

వీపుపై రెక్క చిన్నదై, ముల్లు లేక, నోటిచీలిక కంటిని దాఁటి వెనుకకుఁ బోయి, పండ్లు వాఁడిగా నుండి, మీసములు రెండు జంటలు మాత్రమే యున్నచో అది వాలుగ. దాని పొట్టక్రింది రెక్క తోఁకవఱకును బొడవుగా సాగును. ఒక మీటరును మించి కూడఁ బెరుగఁగలదు. చిన్నచేపలను, కప్పలను మ్రింగుటచే దీనిని మంచినీటి సొరచేప యనుటయుఁ గలదు.

వీపురెక్కకు ముందు బలమైన ముల్లుండి, ఆ రెక్కకును తోఁకకును నడుమ ఎముకలులేని మెత్తని కొవ్వురెక్క యొకటి యుండి, తోఁక రెండుగాఁ జీలి, మీసములు నాలుగు జంట లున్నచో అది జెల్ల. కాలువలలో దొరకు చాఱల జెల్ల జేనెఁడుకు మించుట యరుదు. గోదావరి, కృష్ణలవంటి పెద్దనదులలో నుండు జెల్లలు మనుష్యుని నడుమెత్తు పొడవును బెరుగును. సముద్రమునను జెల్ల లనఁబడు చేపలు గలవు గాని వానిది వేఱు కుటుంబము. జెల్లను బట్టినపుడు కిఱ్ఱుమను శబ్దము వినవచ్చును. అది నోటినుండి వచ్చునది గాదు, ఱొమ్మురెక్క ముల్లును దాని కుదురులో రాచుటవలనఁ బుట్టునది.

వీపురెక్క తలవెనుక మొదలై యించుమించుగాఁ దోఁకదాఁక నొక్కటిగా సాగి, దానికి ముల్లు లేక, తోఁక గుండ్రమై, మీసములు నాలుగు జంట లున్నచో అది మార్పు. మేనిదంతయు నొకేవిధమగు గోధుమవన్నె. ప్రక్కలఁ దఱచు చిన్న తెల్లని చుక్కలు వరుసలుగాఁ గానవచ్చును. మొప్పలకుఁ బైన చిన్నచెట్టు కొమ్మలవంటి యవయవ మొకటి దీనికిఁ గలదు. దానితో గాలిని బీల్చి నీరింకిన బుఱదలోఁ గూడ బ్రదుకును. వానరాత్రులలో మడినుండి మడికిఁ దడినేలపైఁ బ్రాఁకును.

మీసములు మార్పువలె నాలుగు జంటలే యుండి, వీపురెక్క మాత్రము చిన్న కుచ్చువలె నుండి, పొట్టక్రింది రెక్క పొడవుగా నున్నచో అది ఇంగిలాయి. దీనికి మొప్పలనుండి తోఁకవైపునకు సాగిన రెండు పొడవైన గాలితిత్తులు గలవు. దీని ఱొమ్మురెక్కల ముండ్లయందు విషము గలదు. దానిచేత గ్రుచ్చుకొన్నవానికి ఆ రాత్రి నిద్ర లేదు.

ఇవి కేవలము బెస్తలకు మాత్రము కావలసిన సంగతులని కొందఱు తల్లిదండ్రులు తలంపవచ్చును. చరిత్ర యట్లు చెప్పుట లేదు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుఁడు విశాఖపట్టణములో నుండి, అచ్చట సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్తరువులను 1803లో లండనులోఁ బ్రకటించెను. వానికి మనవారి నోటిపేరులనే యిచ్చెను. వాలుగ ఆ గ్రంథమున వాలుగగానే యెక్కినది. తరువాత 1851లో బ్లీకర్ అను డచ్చి పండితుఁడు ఈ చేప ప్రజాతికి ‘వల్లాగో’ యను శాస్త్రనామము పెట్టెను. నేఁడు లోకమునందలి మత్స్యశాస్త్రజ్ఞు లందఱును పలుకునది, కొంచెము మాఱిన మన తెలుఁగుమాటయే.

మిషను పాఠశాలల కింకొక కారణముచేతఁ గూడ ఈ విద్య పరాయిది గాదు. తరంగంబాడిలోఁ బనిచేసిన క్రిస్టోఫ్ సామ్యూల్ జాన్ అను మిషనెరి తీరమునందలి చేపలను సేకరించి బెర్లినులోనున్న బ్లాక్ అను పండితునకుఁ బంపుచుండెను. ఆ కృతజ్ఞతచే బ్లాక్ ఒక చేపల ప్రజాతికి ‘జానియస్’ అని పేరు పెట్టెను. తరంగంబాడి చేపను బట్టియే 1794లో మన ఇంగిలాయికి ‘ఫాసిలిస్’ అను పేరు వచ్చెను. త్రవ్వి తీయఁబడినదని లాటినున దాని కర్థము. బుఱదలోఁ దాఁగు చేపకు ఇంతకంటెఁ దగిన పేరు వేఱొకటి గలదా? సువార్త బోధింప వచ్చినవాఁడు చేపల మీసములను లెక్కించుట తన పనికి విరుద్ధమని తలంపలేదు.

ఇఁక పరదేశపు చేపల సంగతి. క్లేరియస్ గారీపైనస్ అను ఆఫ్రికా మార్పు 1990ల మొదటి భాగమున దొంగదారిని మన దేశమునకు వచ్చెను. అది త్వరగాఁ బెరుగును. కోళ్లదుకాణముల వ్యర్థములనుగూడఁ దిని బ్రదుకును. పెద్ద యాఁడుచేప యొక్కసారి లక్షకు మించి గ్రుడ్లు పెట్టఁగలదు. వరదవేళ చెఱువుగట్టు తెగినచోఁ గాలువలలోఁ బడి, మన చేపలను, వాని పిల్లలను దినును. ఈ కారణములచేత 2000 సంవత్సరమున భారతప్రభుత్వము దాని పెంపకమును నిషేధించెను. ఐనను చాటుగాఁ బెంచువా రున్నారు.

దానిని గుఱుతించు టెట్లు? ప్రాయము వచ్చిన చేప మేనిపై బూడిదవన్నెయు నలుపును గలిసిన మచ్చ లుండును. మన మార్పువలె నొకేవన్నె యుండదు. తల పెద్దది, బల్లపరుపుగా నుండును. తలపుఱ్ఱె వెనుకటి యంచు మన మార్పునకు గుండ్రనివంపుగా నుండఁగా దీనికిఁ గోణములు దేఱియుండును. మన మార్పు మూరెఁడైన నదియే గొప్ప. ఇది మీటరు దాఁటును. ఒక్క గుఱుతును మాత్రమే నమ్మరాదు. రెండు మూఁడు గుఱుతులు కలిసినపుడే పేరు నిశ్చయింపవలెను.

అంగడిలో దీనిని ‘క్యాటుఫిష్’ అను నింగ్లీషుపేరుతోనే యమ్ముదురు. నిషేధము విన్న జనులు మీసములున్న చేపలన్నియు నిషిద్ధములే యనుకొందురు. ఒక తప్పుపేరు మన జలములలోఁ బుట్టిన చేపలకు రెండు విధములఁ గీడు చేయుచున్నది. నీటిలో పరదేశపు చేప వానిని దినును. గట్టుపై మనుష్యుఁడు వానిని పరదేశపు చేపలని చంపును. ఈ నడుమ మన మార్పు నానాఁటికిఁ దగ్గిపోవుచున్నది. ప్రకృతి పరిరక్షణమునకై యేర్పడిన అంతర్జాతీయ సంఘము తన పట్టికలో మార్పును అపాయమునఁ బడిన జాతులలోను, వాలుగను అపాయమునకు లోఁబడనున్న జాతులలోను జేర్చినది.

గాజుతొట్లలోఁ బెంచుటకై దక్షిణ అమెరికానుండి తెచ్చిన యింకొక చేప గలదు. పొలుసులకు మాఱుగా ఎముకపలకలతోఁ గప్పఁబడి, నోరు క్రిందివైపున జలగవలె నంటుకొనునట్లుండును. మనవారు దానిని దెయ్యపుచేప యనుచున్నారు. ఎవ్వరో తొట్టిలోఁ బెరిగిపోయిన దానిపై జాలిపడి చెఱువులో విడువఁగా నిది వ్యాపించినది. దానిని దిను వారు లేరు. అది వలలను జింపును. జాలియను మంచిగుణమే తెలివిడి లేనిచో నెంత నష్టము తెచ్చునో చూడుఁడు.

ఇక్కడ మన చదువరులకుఁ దగిన యొక మాట చెప్పవలెను. ఆఫ్రికా మార్పు అని మేము చెప్పుచున్న యీ చేప గలిలయ సముద్రమున స్వభావసిద్ధముగా నుండునది. మత్తయి సువార్త 13వ అధ్యాయమున వల ఉపమానము గలదు గదా. జాలరులు ఒడ్డునఁ గూర్చుండి మంచివానిని గంపలలో వేసి చెడ్డవానిని బాఱవేసిరి. పొలుసులు లేని చేపలు మోషే ధర్మశాస్త్రమునుబట్టి నిషిద్ధములు గాన, ఆ పాఱవేయఁబడినవానిలో నీ చేపయు నుండెనని కొందఱు వ్యాఖ్యాతలు తలంతురు. మనము గమనింపవలసినది వేఱొకటి. ఆ జాలరులు కూర్చుండి ఏరిరి. అనఁగా ప్రతి చేపను జేతఁ బట్టి యిది యేదని యెఱిఁగిరి. మఱియు గలిలయలో నా చేప దోషి గాదు. దాని నీటిలో నది దేవుఁ డుంచినచోటనే యున్నది. మన కాలువలో నది చేయు కీడు, దానిని దెచ్చి విడిచిన మనుష్యుని దోషమే. కాఁబట్టి దానిని ద్వేషింపవలదు, గుఱుతింపవలెను.

ఇఁక పట్టుట. మేము వేఁట మానుఁ డని చెప్పువారము గాము. కాలువలు కట్టిన వేసవిసెలవులలో మడుగులయొద్దఁ గూర్చుండి చేపకై వేచియుండుట బాలురకు ఓర్పు నేర్పును. మీసముల చేపలు పగలు నీటియడుగున దాఁగి, ప్రొద్దు క్రుంకిన పిదప మేఁతకై తిరుగును. అందుచే బెండును బైకెత్తి కట్టి, వానపాము ఎఱను నేలనంటునట్లు వేయవలెను. వాలుగకైనచోఁ జిన్నచేపయో కప్పయో ఎఱగా వలయును. దాని పండ్లకు నూలుత్రాడు నిలువదు గనుక గాలమునకు మొదట లోహపుఁ దీఁగ కట్టుదురు. ఒక చెఱువునందలి బ్రదికిన చేపను ఎఱగా వేఱొక చెఱువునకుఁ గొనిపోరాదు. పరదేశపు చేపల పిల్లలు వ్యాపించుట కదియు నొక త్రోవ. లోఁతులేని నీటిలో ఊతయు, నీరు పాఱు సందులలో మావును మన పూర్వులు వాడిన సాధనములు. ఊతలోఁ జిక్కినది ప్రాణముతోనే చేతికి వచ్చును. పోలికలు చూచి, వలదనుకొన్నచో గాయము లేకుండ విడువవచ్చును. ఈ కారణముచే నేర్చుకొను బాలునకు గాలముకంటె ఊతయే మేలని మా తలంపు.

గట్టురంధ్రములలోఁ జేయి పెట్టి వెదకుట మూర్ఖత్వము. అచ్చట ఇంగిలాయియే యుండవచ్చును, పామే యుండవచ్చును. చిన్నవా రొంటరిగాఁ గాలువకుఁ బోరాదు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ఒడలు కాలకుండ ఓర్వఁగలిగినంత వేఁడినీటిలో గాయపడిన చేతిని అరగంటకుఁ దక్కువ గాకుండ నుంచవలెను. వేఁడిచే విషము బలము దగ్గును. పిదప వైద్యునికిఁ జూపవలెను. చచ్చిన ఇంగిలాయి ముల్లును గూడ నమ్మరాదు.

పట్టిన పిదప నేమి చేయవలెను? మా నియమము సులభము. పరదేశపు చేప యని రూఢియైనచో దానిని మరల నీటిలో విడువరాదు. మన చేప యై, తొలకరినుండి శ్రావణమువఱకును గ్రుడ్లతో నున్నచో దానిని బట్టినచోటనే విడువవలెను. మార్పు జాతిలో గ్రుడ్లను మగచేప కాచియుండును. దానిని బట్టిన గ్రుడ్లును జెడును. గ్రుడ్లులేని కాలమున, పెద్దచేపను, వలసినంత మట్టుకుఁ దినవచ్చును. ఏదియు నిశ్చయము గానిచో నీళ్లబిందెలో నుంచి, తెలిసిన పెద్దలకుఁ జూపి, పిదప తీర్పు చేయవలెను. తెలియనపుడు ఆగుట తెలివిలో భాగమే.

దీనికొక యాక్షేపణ గలదు. ‘కడుపు నిండినవారికి ఈ నియమము చెల్లును. దినదినము వలపై బ్రదుకువాఁడు గ్రుడ్లున్న చేపను విడిచినచో వాని పిల్ల లేమి తిందురు?’ ఈ ప్రశ్న న్యాయమైనది. మేము వాని గంపలో వ్రేలు పెట్టము. మా నియమము సెలవుదినమున సరదాకై గాలము పట్టు మనవంటివారికి. ఇంతేకాక, వలపై బ్రదుకువానికంటె జలములకు నెక్కువ కీడు చేయువారు వేఱు గలరు. విషము కలిపి, మందుగుండు పేల్చి, విద్యుత్తీగలు వేసి చిన్నదానిని పెద్దదానిని ఒక్కపెట్టునఁ జంపువారు వారు. విషమును, మందుగుండును వాడుట 1897 నాఁటి మత్స్యశాసనముననే నేరముగా నెన్నఁబడినది. యంత్రములతోఁ జెఱువు నడుగంటఁ దోడి బుఱదలో మిగిలిన మార్పును సైతము త్రవ్వి తీయువారును గలరు. వారినిగూర్చి నోరు మెదపక బీదవానికి నీతులు చెప్పుట మన కుచితము గాదు.

మఱి పాఠశాల యేమి చేయవలెను? మా ప్రకృతిశాస్త్రపు తరగతిలో చేప చిత్ర మొకటి గోడపై నున్నది. దానిలోని చేపకుఁ బేరు లేదు, ఊరు లేదు. దాని ప్రక్కన మన కాలువచేపల చిత్తరువులు విద్యార్థులే వ్రాసి యుంచవలెను. ప్రతిదానిక్రింద ఊరిపేరు, శాస్త్రనామము, గుఱుతులు, గ్రుడ్లుపెట్టు కాలము వ్రాయవలెను. ఊరిపేరులు చెప్పుటకు మన విద్యార్థుల తండ్రులలోను తాతలలోను ఉన్న జాలరులను తరగతికిఁ బిలిచి, ఉపాధ్యాయుని కుర్చీ వారి కీయవలెను. ఒక యూర నొక పేరు, ప్రక్కయూర వేఱొక పేరు వినవచ్చును. రెంటిని వ్రాసికొని, చేపనుబట్టి సరిచూడవలెను. అక్షరములు రావని సిగ్గుపడి పాఠశాల గుమ్మము నెక్కని తండ్రి, తన కుమారుని తరగతికిఁ బాఠము చెప్పినపుడు, ఆ బాలుఁడు తలయెత్తి కూర్చుండును. ఆ లాభము చేపలలెక్కలో చేరదు గాని మాకది చిన్నదిగాఁ దోఁచుట లేదు.

మొదటఁ జెప్పిన ముగ్గురు బాలుర సంగతితో ముగింతుము. తాను విడిచిన చేప యెట్టిదో తెలిసిన నాఁడు ఆ బోర్డింగు బాలుఁడు మిక్కిలి యేడ్చెను. తరువాత నతఁడును, ఆ యిద్దఱును, ఆ జాలరితండ్రియుఁ గలిసి మూఁడు దినములు చెఱువులో వల ద్రిప్పిరి. ఆఫ్రికా చేప దొరకలేదు. అది యిప్పటికి నా నీటిలోనే యున్నది. కాని యా మూఁడు దినములలో వలఁబడిన ప్రతిచేపను వారు చేతఁ బట్టి చూచి పేరుపేరునఁ బలుకుట నేర్చిరి. జెల్లను జెల్ల యనిరి, ఇంగిలాయిని దూరమునుండియే ఇంగిలాయి యనిరి. ఆ పాఠము మూఁడు దినములు ముందుగా మేము చెప్పియున్నచో బాగుండెడిది. ఆ లోపము వారిది గాదు, మాది. వచ్చు తొలకరికి ముందు దానిని దిద్దుకొందము.